మెత్తని మొన

వీడియో షాపు పెద్దాయనది మోటు చెయ్యి. గ్లాసు కింద పెడితే బల్ల అదురుతుంది, తలుపు వేస్తే పక్కింటివాళ్లు తొంగిచూస్తారు. కానీ డిస్కు మీద పేరు రాసేటప్పుడు చూడాలి ఆయన్ని! నిద్రపోయే పసిపాపను ఎత్తినట్టు అంచులు పట్టుకుని తీస్తాడు. గీత పడుతుందని బాల్‌పెన్ను ముట్టడు. మార్కరు మూత పళ్ల మధ్య పెట్టుకుని, మెత్తని మొనతో నొక్కకుండా రాసి, సిరా ఆరేదాకా అట్టముక్కతో విసురుతాడు.

మొన్న ఒకావిడ తన కూతురు పాడిన పాట ఉన్న డిస్కు తెచ్చింది. దానిమీద రంగుల చీటీ ఓ పక్కకు అంటించి ఉంది. ప్లేయర్లో పెడితే బరువు ఒకవైపే పడి గడగడలాడుతోందట. "పీకేస్తే సరి," అని గోరు పెట్టిందో లేదో, "పీకకమ్మా!" అన్న ఆయన అరుపుకి వీధంతా ఉలిక్కిపడింది. "చీటీతో పాటు పైపూత లేచొస్తుంది. మీ అమ్మాయి పాట కాస్తా పోతుంది!" పాత మెషిన్లో నెమ్మదిగా తిప్పి, పాటను కొత్త డిస్కులోకి ఎక్కించి, వంగి పేరు రాసి, అట్టముక్కతో విసరసాగాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య మూతి తిప్పింది. "నాతో ఇంత మెత్తగా ఉంటే మీ సొమ్మేం పోయింది?"

"కాస్త ఆగవే, ఇంకా ఆరలేదు," అన్నాడాయన, ఊపిరి కూడా తగలనంత లోగొంతుతో.

"అదిగో, ఆ గొంతే!" అందావిడ. "ఇకమీదట ఇంట్లో కూడా చేతిలో ఓ డిస్కు పట్టుకునే తిరగండి."