డోన్ దాటితే 'అబౌట్' వద్దు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు గ్రామరు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఆ రోజులంటే ఏదో పాతకాలం అనుకునేరు, నిండా పదేళ్లు కాలేదు. వాట్సాప్ అప్పటికే వచ్చేసింది, నాకు బుద్ధే ఇంకా రాలేదు. డిగ్రీ అవుతూనే బేతంచెర్లలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికింది. మేడ మీద ఒక గది, కింద ఇంటి ఓనరు తాత, చుట్టూ బండలు పాలిష్ పట్టే మిషన్ల రొద. స్టూడెంట్లు పన్నెండు మంది, అందరూ నాకంటే పెద్దవాళ్లే. పది మందికి తగ్గితే బ్రాంచి మూసేస్తామని సంస్థవాళ్లు ముందే చెప్పారు. నేనేమో ఉద్యోగం వచ్చిందని మా వీధంతా చాటింపు వేసి వచ్చినదాన్ని.

ముందు బెంచీలో పెద్దప్ప కూర్చునేవాడు. నాకేం చుట్టం కాదు, రెండు బండల ఫ్యాక్టరీల ఓనరు, ఊరంతా ఆయన్ని పిలిచేదే అట్లా. వెనక బెంచీలో ఆయన బావమరిది, వ్యాపారంలో ఆయనకు పోటీ. ఒకరోజు పెద్దప్ప తన దగ్గర బండలు కొనే బెంగుళూరు పార్టీకి తాను సొంతంగా రాసిన మెసేజీని సంబరంగా చదివి వినిపించాడు. అందులో 'డిస్కస్ అబౌట్ ద రేట్' అని వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే నేనెందుకవుతాను? "తప్పు! డిస్కస్ అంటేనే ఫలానా దాని గురించి మాట్లాడటం. దాని పక్కన మళ్లీ అబౌట్ పెడితే అన్నంలో అన్నం కలుపుకున్నట్టే" అని, బోర్డు మీద ఆ ముక్క రాసి మరీ అబౌట్ మీద బర్రున గీత కొట్టాను. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం బావా, ఇన్నేండ్లూ తప్పు మాటల్తోనే బండలు అమ్మినావా?"

పెద్దప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకొని లేచాడు. ఆయన వెనకాలే ఆయన మనుషులు నలుగురు. మిగిలింది ఏడుగురు. నా గుండెల్లో రాయి పడింది (బేతంచెర్లలో రాళ్లకేం కొదవ!).

తెల్లారేసరికి ఊర్లో రెండు పార్టీలు, అబౌట్ పార్టీ, అబౌట్ లేని పార్టీ. టీ అంగడి దగ్గర "నువ్వు యా తట్టప్పా?" అంటే, ఏబీసీడీలు రానివాళ్లు కూడా రొమ్ము విరుచుకొని చెబుతున్నారు. రెండు రోజులు చూసి ఓనరు తాత కేకేశాడు. "దిగిరా పాపా, పంచాయితీ చేస్తా."

"తాతా, మీకు ఇంగ్లీషు రాదు కదా!"

"అదే మేలు. ఏ తట్టూ మొగ్గను."

మూడు గ్రామరు పుస్తకాలు మోసుకొని దిగాను. తాత వాటిని అందుకొని, వాటి మీద తన వక్కాకు సంచి పెట్టుకున్నాడు. రెండు పార్టీలూ అరుగు మీద కూర్చున్నాయి.

"ఆ మాట ఉంటే బెంగుళూరాయప్పకు అర్థమైతాదా?"

"అవుతుంది తాతా, కానీ..."

"లేకుంటే?"

"అప్పుడూ అవుతుంది."

"మరి దేనికమ్మా ఊర్నంతా ఇట్లా ఎగదోస్తాండావు?"

ఆకు నములుతూనే తీర్పు చెప్పాడు. "ఇనండప్పా. మన ఊర్లో ఉన్నంతవరకూ ఆ మాట పెట్టుకోవచ్చు, ఎవురూ నగగూడదు. పక్కనుండే డోన్ దాటి పైఊర్లకు పోయే మెసేజీల్లో మాత్రం తీసేయాల. పాప చూసి పంపిస్తాది."

అందరూ సరేనన్నారు. కాగితం రాశారు. గ్రామరుకు ఆడపులినని విర్రవీగిన నేను, నోరెత్తకుండా దాని కింద సంతకం పెట్టాను. బ్రాంచి ఉండాలి కదా మరి!

అందరూ వెళ్లాక పెద్దప్ప మెట్ల దగ్గర ఆగాడు. "నువ్వు చెప్పింది నిజమేనని నాకు ఆ పొద్దే తెలిసింది పాపా. ఇంటికి పోతానే మెసేజీ మార్చి పంపినా. బామ్మర్ది ముందర గీత కొట్టకుంటే సరిపోతాండె" అని, రేపు క్లాసు ఎన్ని గంటలకని అడిగాడు. టైమైతే చెప్పాను గానీ, సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు కడపలో కాలేజీ పిల్లలకు చెబుతున్నాను. ఎవరైనా తప్పు రాస్తే దగ్గరికి పిలిచి, వాళ్లకు మాత్రమే వినిపించేలా చెబుతాను. సుద్దముక్కను కత్తిలా పట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఎక్కడైనా ఎదురైతే, నలుగురిలో దాన్నీ ఏమీ అనను. పక్కకు పిలిచి, "నువ్వు చెప్పింది కరెక్టే పాపా" అని మొదలుపెడతాను.