ఒక బిళ్ళకు ఒక దీపం

మొన్న శనివారం బజారులో కిరాణా కొట్టు ముందు నిలబడి కందిపప్పు తూకం వేయించుకుంటుంటే, పక్కనున్న అట్టపెట్టెలోంచి ఒక వాసన వచ్చి ముక్కుకు తగిలింది. కాస్త తారు, కాస్త మందు, కాస్త తడి ఇనుము కలిసిన వాసన. వంగి చూస్తే ఇటుక రంగు సబ్బు బిళ్ళలు, మీద కాగితమైనా లేకుండా పేర్చి ఉన్నాయి. బట్టలకూ చేతులకూ వాడే మోటు సబ్బు. నాకు వెంటనే రెండు చెంపలూ మండాయి. ముప్పై ఏడేళ్ళ మనిషిని, కొట్టువాడు చూస్తున్నాడన్న ధ్యాస కూడా లేకుండా చెంప మీద చెయ్యి వేసుకున్నాను. ఆ మంట వెనకాలే రాజక్క ముఖం గుర్తొచ్చింది, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా. దాంతోపాటే నా పాత కుళ్ళు కూడా వచ్చింది. ఆమెను గౌరవంగా తలచుకుందామని ఎప్పుడనుకున్నా నాలో ముందు అసూయే లేస్తుంది. గౌరవం దాని వెనక మెల్లగా నడిచి వస్తుంది.

చంద్రపూర్‌లోని లాల్‌పేట్ బొగ్గు గని క్వార్టర్లలో మా ఇంటికీ రాజక్క ఇంటికీ మధ్య ఒక్క గోడ. వెనకవైపు నీళ్ళ పంపు మాత్రం ఇద్దరికీ ఒకటే. మా ఆయన గనిలో ఎలక్ట్రీషియన్. రాజక్క భర్త జబ్బు చేసి పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చి లాంపు రూములో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ ఆగి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. రాజక్క పని అదే. నేను చెబుతున్న కాలానికి ఆమెకు యాభై ఏడేళ్ళు. పొద్దుటి నుంచి బ్యాటరీలు, బొగ్గు దుమ్ము, ఆపైన చంద్రపూర్ ఎండ. ఇన్ని పడి ఇంటికొచ్చి, పంపు దగ్గర ముఖం కడుక్కుని తలెత్తేది. అప్పుడే తోమిన రాగి చెంబులా ఉండేది ఆ ముఖం. వంటింటి కిటికీలోంచి చూస్తూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

నాకప్పుడు ముప్పై మూడేళ్ళు. కాలేజీ రోజుల్లో రాని మొటిమలు ముప్పై దాటాక వచ్చాయి. గడ్డం మీద, దవడ వెంట, మెడ దాకా. ముట్టుకుంటే సలుపు, అద్దం చూస్తే ఏడుపు. ముఖం కడిగేదొకటి, కడిగాక తుడిచేదొకటి, తుడిచాక రాసేవి రెండు, ఎండకొకటి, మచ్చలకొకటి. ఫోనులో ఎవరో ఒక అమ్మాయి అద్దంలాంటి చెంపలు చూపించి చెబుతుంది, మూడో రోజుకి ఆ సీసా మా గుమ్మంలో ఉంటుంది. మా ఆయన కంటపడకుండా వాటిని బియ్యం డబ్బాలో దాచేదాన్ని. నేను ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెబుతాను. ఆ చిన్న జీతంలో మూడో వంతు బియ్యం డబ్బాలోకే పోయేది. అన్నం కూడా ఒక్కోసారి గులాబీల వాసన వచ్చేది.

మా ఊళ్ళో ఎండాకాలం అందరికీ శాపం, నాకు మాత్రం వరం. మార్చి దాటితే ఆడపిల్లలందరూ కళ్ళు మాత్రమే కనిపించేలా ముఖానికి స్కార్ఫు చుట్టుకునే స్కూటీలు ఎక్కుతారు. అప్పుడు ఎవరి చెంపలేవో ఎవరికీ తెలియదు. కరోనా వచ్చి అందరికీ మాస్కులు పెట్టించినప్పుడు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు లోపల్లోపల హాయిగానే ఉండింది. తర్వాత లోకమంతా మాస్కు తీసేసినా నేను తియ్యలేదు. చివరికి ఒక ఏప్రిల్‌లో హెడ్మాస్టరమ్మ పిలిచింది. నేను ‘మ’ అంటే పిల్లలు ‘న’ అంటున్నారట. అక్షరాలు నేర్చుకునే పిల్లలకు టీచరు పెదవులు కనిపించాలని చెప్పింది. జూన్ ఆఖరున బడి తెరిచే రోజున ముఖం మీద ఏమీ లేకుండా వస్తే సరే, లేకపోతే ఆ తరగతి ఇంకొకరికి ఇస్తానంది. ఆమె తప్పేమీ లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా ఆయన ఓదార్చబోయి, కిటికీలోంచి పంపు వైపు చూపించి, “ఇన్ని సీసాలు ఎందుకే? రాజక్కను సూడు, ఏం పెట్టకున్నా మొఖం ఎట్ల మెరుస్తదో” అన్నాడు. పాపం మంచికే అన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి ఆయనకు అన్నంలో నెయ్యి వెయ్యలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుకుంది. ఆమె దగ్గర ఏదో రహస్యం ఉంది, చెప్పకుండా దాస్తోంది. ఆమె ముఖంలో ఒక్క మచ్చ కోసం నేను వెతికినంతగా కన్నతల్లి కూడా వెతికి ఉండదు. కూర గిన్నె ఇచ్చే నెపంతో వెళ్ళి, వెలుతురు వైపు నిలబెట్టి మాట్లాడించి చూశాను. ఏమీ లేదు. చివరికి నా కన్ను పంపు గట్టు మీద కొబ్బరి చిప్పలో ఉన్న సబ్బు మీద పడింది. గనివాళ్ళకు కంపెనీ ఇచ్చే ఇటుక రంగు సబ్బు. మా ఇంటికి వచ్చినవాటిని నేను ముక్కు మూసుకుని పనిమనిషికి ఇచ్చేసేదాన్ని. మరి అదే అని తెలిసినా, ఆమె చిప్పలో ఉన్నదే నాకు కావాలి. పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువని ఊరికే అనలేదు. ఒక మధ్యాహ్నం, ఆమె డ్యూటీలో ఉండగా, కత్తితో ఆ సబ్బులో ఒక ముక్క కోసి కొంగులో కట్టుకొచ్చాను.

పది రోజులు పొద్దునా సాయంత్రమూ దాంతోనే ముఖం తోమాను. మొదట చర్మం బిగిసింది, పని చేస్తోందనుకున్నాను. తర్వాత మండింది, లోపలి చెడు పోతోందనుకున్నాను. పదకొండో రోజు చెంపలు పొరలు పొరలుగా లేచి, పాలు తాగుదామని నోరు తెరిస్తే పెదవి పక్కన రక్తం వచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎవరికి చెప్పుకోను? స్కార్ఫు కప్పుకుని పంపు దగ్గర బిందె పెట్టాను. రాజక్క అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. కొబ్బరి చిప్ప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“గిదేంది, ఎలుకలు కత్తి వెట్టి కోస్తున్నయా ఏంది?” అంది.

నా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. ఆమె దగ్గరికొచ్చి, స్కార్ఫు మీదే ఒకసారి వాసన చూసి, దాన్ని మెల్లగా కిందికి లాగింది.

“పిల్లా, గది బట్టలకు, చేతులకు. బ్యాటరీల జిడ్డు పోవాలె గదా. మొఖానికి పెట్టుకుంటరా ఎవరన్న?”

“మరి నువ్వు ముఖానికి ఏం పెడతావక్కా?” అన్నాను, ఏడుస్తూనే, అప్పుడైనా చెబుతుందేమోనని.

“నీళ్ళు. ఇంకేం?”

“అబద్ధం.”

“నీతో నాకు అబద్ధమెందుకే? మా అవ్వ మొఖం గిట్లనే ఉండె. నేనేం జెయ్యలే, ఉత్తగనే అచ్చింది.”

నాకు నిజంగా కోపం వచ్చింది. ఏదో పసరో పిండో రాసి, కష్టపడి సంపాదించుకున్న ముఖమైతే క్షమించేదాన్ని, నేనూ రాసుకునేదాన్ని. ఊరికే వచ్చిందంటే ఇక నాకు దారే లేదు కదా. అసూయకు రహస్యం కావాలి. అదృష్టమంటే అసూయ ఒప్పుకోదు. ఆ మాట ఆ రోజు పంపు దగ్గరే నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన తగ్గలేదు.

రాజక్క తన వారపు సెలవు రోజున నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. నా బియ్యం డబ్బాలో సీసాలన్నీ సంచిలో వేయించి, ఆ సంచి తనే మోసింది. చర్మాల డాక్టరమ్మ చిన్నపిల్ల. సీసాలన్నీ బల్ల మీద పెట్టించి, ఒక్కొక్కటే చదివి, ఇవన్నీ కలిసి నీ చర్మాన్ని పాడుచేశాయని మరాఠీలో చెప్పింది. అన్నీ ఆపమంది. ముఖం కడగడానికి మెత్తటిది ఒకటి, రాత్రి రాయడానికి ఒక చిన్న ట్యూబు, అంతే. గిల్లవద్దు, తోమవద్దు, నెలలు పడుతుంది, మళ్ళీ మళ్ళీ రావచ్చు కూడా అని ఉన్నదున్నట్టు చెప్పింది. బయటికొచ్చాక నేను సంచి కోసం చెయ్యి చాపాను. రాజక్క ఇవ్వలేదు.

“నీ దగ్గరుంటే నువ్వు ఆగవ్. ఇయ్యి నా దగ్గరుంటయ్,” అంది.

ఇంటికొచ్చి పెట్టెలోంచి అరిగిపోయిన పాత ఇత్తడి బిళ్ళ ఒకటి తీసి, నంబరు కూడా కనిపించదు దాని మీద, నా చేతిలో పెట్టింది. తన వంటింటి గోడకు ఒక మేకు కొట్టింది. “లాంపు రూముల ఒక బిళ్ళకు ఒక దీపమే ఇస్తం. అది తిరిగియ్యకుండ రెండోది అడిగినోని మొఖం సుత సూడ. నీకు గదే కాయిదా. బిళ్ళ ఇయ్యి, ట్యూబు తీస్కో. ట్యూబు అయిపోయినంక ఖాళీది తెచ్చియ్యి, బిళ్ళ తీస్కో.” నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బిళ్ళ తీసుకుని మేకుకు తగిలించి, ట్యూబు ఇచ్చింది. ముప్పై మూడేళ్ళ టీచరమ్మను, క్రీముల కోసం పక్కింటి గోడ దగ్గర బిళ్ళ వేసుకుని నిలబడ్డాను. సబ్బు దొంగతనంలో పట్టుబడ్డ మనిషికి ఇంతకంటే ఏం మర్యాద దొరుకుతుంది?

ఆ రెండు నెలలూ నేను ఎన్ని నాటకాలాడానో. ఎండకు రాసేదొక్కటీ ఇమ్మన్నాను. పెళ్ళికి వెళ్ళాలి, మచ్చల క్రీము ఒక్క పూటకిమ్మన్నాను. “బిళ్ళేది?” అనేది. బిళ్ళ ఆమె మేకు మీదే ఉండేది. అంత అందమైన ముఖంతో అంత మొండిగా ఎలా ఉంటుందోనని తిట్టుకుంటూ వచ్చేదాన్ని. ఫోనులో కొనబోయి రెండుసార్లు ఆగాను. ఆమెకు తెలుస్తుందని కాదు, ఆ మేకు గుర్తొచ్చి. ముఖం చల్లబడింది, పొరలు పోయాయి. మొటిమలు సగం తగ్గాయి, సగం మిగిలాయి. ఇంతలో జూన్ ఆఖరు వచ్చేసింది.

బడి తెరిచే రోజు పొద్దున్నే రాజక్క డ్యూటీకి బయల్దేరుతుంటే ఎదురుపడ్డాను. నేను అప్పటికే మాస్కు పెట్టుకుని ఉన్నాను. “ఉద్యోగం పోతే పోనీ, నేను పోనక్కా. పిల్లలు నా ముఖమే చూస్తారు,” అన్నాను. ఆమె చేతిలోని అన్నం డబ్బా కింద పెట్టింది.

“షిఫ్టు దిగి పైకొస్తరు సూడు, మూడు వందల మంది. అందరి మొఖాలు మసే. ఎవడు ఎర్రగున్నడు, ఎవడు నల్లగున్నడు, ఎవనికి మచ్చలున్నయి, నాకేమెర్క? బిళ్ళ తీస్కపోయిండా లేదా, గదొక్కటే సూస్త. షిఫ్టు అయినంక గోడ మీద ఒక్క బిళ్ళ మిగిలిందనుకో, ఒకడు ఇంక లోపల్నే ఉన్నట్టు. గని మూతి కాడికి ఉరుకుత. వాడు వచ్చి దీపం ఇచ్చినప్పుడు ఆ మసి మొఖమే సక్కగ కనవడ్తది. పో, పిల్లలు నీ కోసం సూస్తుండొచ్చు.”

నీకేం, నీ ముఖం అలా ఉంది కనుక ఎన్నైనా చెబుతావనుకున్నాను. అనుకుంటూనే మాస్కు తీసి సంచిలో పెట్టుకున్నాను. తరగతిలో అడుగు పెట్టగానే గోడ వైపు తిరిగి బోర్డు మీద తేదీ రాశాను. అది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. తిరిగేసరికి మొదటి బల్ల మీది పాప నా గడ్డం కేసి చూస్తోంది. “మేడం, దుఖతం కా?” అని అడిగింది, నొప్పి పెడుతుందా అని. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్ళిపోదామనిపించింది. “థోడంసం,” అన్నాను, కొంచెం అని. పాప సరేనన్నట్టు తలూపి పలక తీసింది. నేను పెదవులు కలిపి ‘మ’ అన్నాను. తరగతంతా పెదవులు కలిపి ‘మ’ అంది.

రెండున్నరేళ్ళ తర్వాత రాజక్క రిటైరయి మంచిర్యాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. సామాను ఆటోలో ఎక్కించాక నా సంచి తెచ్చి ఇచ్చింది. సీసాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తేదీలు ఎప్పుడో దాటిపోయాయి. తర్వాత లోపలికి వెళ్ళి మేకు మీంచి బిళ్ళ తీసి తెచ్చి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“ఇగ నీ దగ్గరుంచుకో. పైకొచ్చినవ్.”

“ఎక్కడొచ్చానక్కా, ఇంకా రెండున్నాయి చూడు,” అని దవడ చూపించాను.

“పైకొచ్చినోళ్ళ మొఖాల మీద బొగ్గుండదా?” అంది.

అరవై ఏళ్ళ ఆ ముఖం మీద ఎండ పడుతోంది. ఒక్క మచ్చ లేదు. నాకు ఏడుపూ కుళ్ళూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు వచ్చిందంటే చెప్పగలను కానీ చెప్పను.

ఇప్పుడు నా అద్దం ముందు రెండే ఉంటాయి, కడిగేదొకటి, రాసేదొకటి. ఒకటి అయిపోతే గానీ ఇంకొకటి కొనను. బిళ్ళ నా సుద్దముక్కల డబ్బాలో ఉంటుంది. మొన్న కిరాణా కొట్టు నుంచి ఇంటికొచ్చి ఆమెకు వీడియో కాల్ చేశాను. “ఏందే సబ్బు దొంగా,” అంటూ ఎత్తింది. ఫోను దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ ఆమె చెంపలు, నుదురు, గడ్డం అంతా వెతికాను. ఏమీ దొరకలేదు.