ఉప్పుగీత

మా మావయ్యగారు కాలువ మీద లస్కరు. అల్లవరం దాటాక సముద్రం వైపు దిగే శివారు కాలువకి ఆఖరి తూములన్నీ ఆయన చేతి కిందే ఉండేవి. పొద్దున్నే లాకు దగ్గర కొలరాయి మీద నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో చూసేవారు. తర్వాత మురుగుకాలువ తలుపు దగ్గరికెళ్లి, చెక్క మీద ఉప్పు ఎందాకా పేరుకుందో వేలితో రాసి చూసేవారు. గోదాట్లో నీళ్లు బలంగా ఉంటే సముద్రం కిందే ఉంటుంది. ఏరు నీరసిస్తే అది పైకి పాకుతుంది, దాంతోపాటే తలుపు మీద తెల్లగీతా పాకుతుంది. నేను బడికెళ్లింది తక్కువ గానీ, ఆ గీత చదవడం మాత్రం కాపరానికొచ్చిన కొత్తలోనే వచ్చేసింది.

డెబ్బైలు ఇంకా దాటలేదు. మా పెద్దాడు నా కడుపులో ఉన్నాడు. సార్వా కోతలయ్యాయి, రెండో పంట దాళ్వాకి ఆకుమళ్లు పోసే వేళ. ఆ రోజుల్లో మా ఊళ్లో కాలువగట్టు మీద 'నీళ్లు తగ్గాయి' అనకూడదు. ఎవరడిగినా 'దేవుడి దయ' అనాలి. పురిటింటి ముందు చావు మాట ఎత్తకూడదన్నట్టే, అదీ అంతే.

వంతెన మీద ఊరి పెద్ద ఆసామి అడిగాడు. "ఏరా, ఏవంటంది నీ రాయి?"

"బాలేదండి. ఉప్పు అప్పుడే తలుపెక్కేసింది. శివారుకి దాళ్వా వద్దండి, మినుములు చల్లుకోండి."

అక్కడున్న వాళ్లందరూ లెంపలేసుకున్నారు. ఆసామి మాత్రం నవ్వాడు. "దూరంగా నిలబడండ్రా! వీడు తుమ్మితే ఆనకట్ట ఎండిపోయేలా ఉంది."

ఆ సాయంత్రం పక్కింటావిడ మా గుమ్మంలోకొచ్చింది. మొగుడు పోయాక ఆసామి దగ్గరే కాలువ చివర చేను చెక్క కౌలుకి చేసుకునేది.

"అన్నయ్యగారూ, నన్ను కూడా మినుములే చల్లుకోమంటారా?"

"చల్లుకోమ్మా."

"వరి వెయ్యకపోతే చేను లాగేసుకుంటానంటన్నాడండి ఆసామి."

మావయ్యగారు కండువా దులుపుకుని, "మరి నీ ఇష్టమమ్మా" అన్నారు. ఆవిడ వరే వేసింది. ఊరంతా వరే వేసింది.

చేలు పొట్ట కట్టే వేళకి నీళ్లు వంతుల మీద ఇస్తామన్నారు. ఎగువ ఊళ్లు తాగి వదిలాక మా వంతుకి మిగిలింది బురద. కొందరు ఆశకొద్దీ మురుగుకాలువ నీళ్లు చేదిపోశారు. ఉప్పుకి పైరు వాత పెట్టినట్టు ఎర్రబడి, నిలబడే చచ్చిపోయింది.

ఆసామి అరుగు మీద ఊరి పెద్దలు తీర్పు చెప్పారు. గట్టు మీద లస్కరు అన్న మాటకే కాలువ ఎండిందట. కాబట్టి మా ఇంటి బిందె మంచినీళ్ల చెరువులో మునగకూడదట. ఆ చెరువు తవ్విన రోజుల్లో మా మావయ్యగారి నాన్నగారు మట్టి మోశారు. మా గేదెను మాత్రం చెరువుకి రానిచ్చారు. దాని పాలు ఆసామి ఇంటికే వెళ్లేవి మరి.

అప్పటికి నేను బాలింతని. మా నూతిలో నీళ్లు ఉప్పు కషాయం. తాగితే కక్కేదాన్ని, తాగకపోతే పాలు పడేవి కావు. పిల్లాడు ఏడ్చి ఏడ్చి చివరికి గొంతు రాక నోరు మాత్రం తెరిచేవాడు. బాలింతకి కొబ్బరినీళ్లు చలువని కేకలేసే మా అత్తగారే బోండాలు దింపించి, "తాగు. బతికుంటే గదా జలుబు చెయ్యడానికి" అన్నారు. ఉన్న రెండు చెట్లూ ఎన్నాళ్లిస్తాయి?

వేసవికి కాలువ కట్టేసే ముందు ఆ చెరువు నింపుకోవాలి. ఆ తూము తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. ఆసామి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రాయి మీద నీళ్లు దిగిపోతన్నాయి. తూమెత్తు."

మా అత్తగారు తలుపు చాటునించే అడిగారు. "మా బిందె ముంచుకోనిస్తారాండీ?"

"ముందు నిండనీవమ్మా, చూద్దాం."

"ఎత్తకండి," అన్నారు అత్తగారు మావయ్యగారితో. "నూతి నీళ్ల రుచి వాళ్లనీ చూడనివ్వండి."

"చెరువేం చేసిందే," అని ఆయన తాళంచెవి తీసుకుని వెళ్లిపోయారు.

చెరువు నిండింది. మర్నాడు అత్తగారు బిందె ముంచి గట్టెక్కుతుంటే మగాళ్లెవరూ కదల్లేదు. పక్కింటావిడ ఎదురొచ్చి బిందె లాగి ఒలకబోసింది.

"నీకు ముందే చెప్పేరు కదే!" అన్నారు అత్తగారు.

"చెప్పేరు! గుమ్మంలో గొణిగేరు. చెయ్యి పట్టుకుని ఆపేరా? ఇప్పుడు పైరూ పోయింది, కౌలు కట్టలేక చేనూ పోయింది. తాగండి, మీరూ ఉప్పు తాగండి."

అత్తగారు మళ్లీ ముంచారు. ఆవిడ మళ్లీ ఒలకబోసింది. గట్టు మీద ఆసామి పళ్లు కుట్టుకుంటూ చూస్తున్నాడు. అత్తగారు ఖాళీ బిందె చంకనేసుకుని ఇంటికొచ్చి, ఆ పూటనించి ఆసామికి పాలు మానేశారు. గేదె పాలతోనే నా పిల్లాడు ఒడ్డున పడ్డాడు.

మరుసటేడు ఆకుమళ్ల వేళకి ఉప్పుగీత ఇంకా పైనుంది. వంతెన మీద ఆసామి, "ఏవంటందిరా?" అన్నాడు. మావయ్యగారు చేతులు కట్టుకుని, "దేవుడి దయండి" అన్నారు. చెరువు దగ్గర మాకు పెట్టిన కట్టడి ఆ సాయంత్రమే తీసేశారు.

చీకటి పడకముందే పక్కింటావిడ గుమ్మంలోకొచ్చింది. ఆసామిని బతిమాలుకుని చెక్క మళ్లీ తీసుకుందట.

"అన్నయ్యగారూ, ఈసారైనా గట్టిగా చెప్పండి. వెయ్యమంటారా?"

మావయ్యగారు నిండుబిందె వైపు చూశారు, ఉయ్యాల్లో పిల్లాడి వైపు చూశారు.

"దేవుడి దయమ్మా," అన్నారు.

ఆవిడ దణ్ణం పెట్టి, విత్తనాలు నానబెట్టుకోడానికి వెళ్లింది.