ఫోరానికి యజమాని కావలెను

2004 జూన్ మొదటి సోమవారం నాడు నేను అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులోని ఒక సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలో ‘ప్రకటనల సలహాదారు’ హోదాలో చేరాను. అంతకుముందు ఇరవై ఆరేళ్లు సోమాజిగూడలో ఒక దినపత్రిక క్లాసిఫైడ్స్ విభాగంలో పనిచేశాను. గుమస్తాగా చేరి, విభాగాధిపతిగా ఉండగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. అద్దె ఇళ్లు, పాత స్కూటర్లు, పేరు మార్పులు, తప్పిపోయిన సర్టిఫికెట్లు అన్నీ పదాల లెక్కన అచ్చయ్యే విభాగం అది. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, పంజాగుట్ట నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉందన్న ఒక్క కారణంతో ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నాను.

సంస్థ యజమాని కోటేశ్వరరావుగారు. గుంటూరు వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. విద్యార్థుల కోసం ఆయన ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టించారు. ఎవరైనా పేరు నమోదు చేసుకుని, సందేహాలు అడిగి, ఒకరికొకరు జవాబులు రాసుకునే చర్చావేదిక అది. దాన్ని మూడేళ్లుగా నడిపిస్తున్నది రజిత అనే అమ్మాయి. కరీంనగర్ నుంచి వచ్చి, ఫీజుల కౌంటర్లో చేరి, ఫోరం పని తానే నేర్చుకుంది. అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చినవాళ్లందరికీ ఆ ఫోరం తెలుసు. గది కావాలన్నా, పాత పుస్తకాలు అమ్మాలన్నా, బెంగళూరు వెళ్లేముందు మంచం వదిలించుకోవాలన్నా అక్కడే రాసేవారు. అదంతా ఉచితం.

కోటేశ్వరరావుగారికి మింగుడుపడనిది ఆ ఉచితమే. సర్వర్ అద్దె విదేశీ కంపెనీకి ఆయనే కట్టేవారు. నేను చేరిన రోజునే మా ఇద్దరినీ గదిలోకి పిలిచి విషయం చెప్పారు. జూలై ఆఖరుకి ఫోరం తన అద్దె తానే సంపాదించుకోవాలి. లేకపోతే మూసేస్తారు. రజిత మళ్లీ ఫీజుల కౌంటర్లో కూర్చుంటుంది. ఇకమీదట ఫోరంలో ప్రకటన వేయాలంటే సభ్యులు డబ్బు కట్టాలి. అది ఎలా వసూలు చేయాలో చెప్పడం నా పని.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. రేటు కార్డు తయారుచేశాను. పదిహేను పదాల వరకు కనీస రుసుము, ఆపైన పదానికి ఇంత, వారం రోజుల పాటు ప్రదర్శన. ప్రకటనలకు వేరే పేజీ. పత్రికలో ప్రకటన కింద ఎవరూ జవాబు రాయరు కాబట్టి ఆ పేజీలో జవాబులు రాసే వీలు తీసేయించాను. అప్పట్లో సభ్యుల్లో చాలామందికి బ్యాంకు కార్డులు లేవు. అందుకని మనిషి స్వయంగా మా ఆఫీసుకి వచ్చి, నగదు కట్టి, రసీదు తీసుకోవాలి. మెట్లెక్కి వచ్చి క్యూలో నిలబడాల్సిన ఇంటర్నెట్ ఇంకెక్కడా లేదని మా సంస్థ ప్రోగ్రామర్లు నవ్వారు. పైగా కంప్యూటర్లో జాగా కరువు లేనప్పుడు పదాల లెక్క ఎందుకన్నారు. పదాల లెక్క జాగా కోసం కాదు, చదివేవాడి ఓపిక కోసం అని చెప్పాను. కోటేశ్వరరావుగారికి ఆ మాట నచ్చింది. రేటు కార్డు మీద సంతకం చేస్తూ, “ఎవరికీ రాయితీ లేదని కూడా రాయండి మూర్తిగారూ, మొహమాటాలు మనకొద్దు,” అన్నారు. రాశాను.

కొత్త విధానం అమల్లోకి వచ్చిన వారంలో ఒక్క ప్రకటన కూడా రాలేదు. అయితే మామూలు చర్చల్లో ఒక మార్పు కనిపించింది. కష్టసుఖాలు చెప్పుకునే విభాగంలో ఒకతను ఇలా రాశాడు. (వీళ్లు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. నేను మన లిపిలోకి మార్చి ఇస్తున్నాను.) “మనసేం బాగాలేదు మిత్రులారా. ఏడాదిపాటు నన్ను మోసిన మంచాన్ని వదిలి వెళ్తున్నాను. టేకు మంచం. మూడడుగులు బై ఆరడుగులు. ఎవరైనా ఓదార్చదలిస్తే సాయంత్రం ఆరు తర్వాత మధురానగర్ గదిలోనే ఉంటాను.” సాంకేతిక సందేహాల విభాగంలో ఇంకొకరి ప్రశ్న: “ఒక వ్యక్తి దగ్గర రెండు మానిటర్లు ఉండి, అందులో ఒకటి చక్కగా పనిచేస్తూ, అతను సగం ధరకే ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే, ఈ పరిస్థితిని ప్రోగ్రాములో ఎలా రాయాలి?” దానికి నలుగురు నిజంగానే ప్రోగ్రాము రాసి పంపారు. ఐదోవాడు మానిటర్ కొనుక్కున్నాడు.

వీటిని ఏరిపారేసే పని నా మీద పడింది. ఒక సందేశంలో వస్తువు, చిరునామా, చేతులు మారాలన్న కోరిక, ఈ మూడూ ఉంటే అది ప్రకటనేనని నిర్ణయించి, రజిత చేత తొలగింపజేసేవాణ్ని. స్టెల్లా గారి సందేశం దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపేవారు. “మా చెల్లెలి కొడుకు ఇంటర్వ్యూ కోసం అందరూ ప్రార్థన చేయండి. టెస్టింగ్‌లో నాలుగేళ్ల అనుభవం, మంచి ఇంగ్లీషు, వెంటనే చేరగలడు,” అని రాశారు. ఇది ప్రార్థనా, ఉద్యోగ ప్రకటనా? మొదటి వాక్యం ఉంచి రెండోది తీసేయమన్నాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేసి, దేవుడికి వివరాలు అక్కర్లేదన్న సంగతి తనకీ తెలుసనీ, అయితే ప్రార్థన చేసేవాళ్లకి కావాలనీ రజితను చీవాట్లు పెట్టారు.

జూలై మొదటి వారం దాటినా రసీదు పుస్తకం తెల్లగానే ఉంది. రజిత ఫీజుల కౌంటర్ వైపు చూడటం మానేసింది.

అప్పుడొచ్చాడు జావాపులి.

ఫోరంలో ఆ పేరు తెలియనివారు లేరు. మూడేళ్లుగా జావా ప్రోగ్రామింగ్‌లో కొత్తవాళ్ల సందేహాలకు విసుక్కోకుండా జవాబులు రాసేవాడు. పేరును బట్టి నేనొక మీసాల మనిషిని ఊహించుకున్నాను. వచ్చినవాడు సన్నగా, హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు.

“నమస్తే సార్. జావాపులి అంటె నేనే. నా పేరు నర్సింగ్.”

“ప్రకటన వేయడానికి వచ్చారా?”

“అవ్ సార్. మూడేండ్ల సంది గీ ఫోరంల డౌట్లు చెప్తున్న. ఒక్క పైస అడగలే. మొన్న నా పాత బుక్కులు ఇచ్చేస్తనని రాస్తె, గా పోస్టు సుత తీసేసిండ్రు. జర తప్పు నాదే అనుకోండ్రి, రూల్ రూలే గద. అందుకె పైసలు కట్టి రాస్త.”

కాగితం ఇచ్చాడు. “కావలెను: ఫోరానికి కొత్త యజమాని. పాత సభ్యులను గుర్తుపట్టగలగాలి. డబ్బు యావ లేనివారికి ప్రాధాన్యం. అనుభవం అక్కర్లేదు.”

పత్రికలో మాకొక నియమం ఉండేది. ప్రకటన అశ్లీలం కాకుండా, పేరు పెట్టి నిందించకుండా, చట్టానికి విరుద్ధం కాకుండా ఉంటే తీసుకోవాలి. రసీదు కోసి ఇచ్చాక అక్షరం మార్చకూడదు. దీనిలో ఎవరి పేరూ లేదు. ‘కావలెను’ శీర్షిక రేటు కార్డులో ఉన్నదే. పదాలు లెక్కపెట్టాను. పదమూడు వచ్చాయి. కనీస రుసుముకి పదిహేను వస్తాయి కాబట్టి, ఇంకా రెండు పదాలు వాడుకోవచ్చని అలవాటు ప్రకారం చెప్పాను.

నర్సింగ్ రెండు వేళ్లు చూపిస్తూ, “జీతం లేదు అని పెట్టుండ్రి,” అన్నాడు.

రసీదు కోశాను. రజిత ప్రకటన ఎక్కించింది. ఎక్కిస్తున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం కోటేశ్వరరావుగారు భోజనం మధ్యలోంచి లేచి వచ్చారు. చెయ్యి కూడా కడుక్కోలేదు.

“ఏంటండీ ఇది? మీరు నా దగ్గర పనిచేస్తున్నారా, ఆ పులి దగ్గర పనిచేస్తున్నారా?”

“రసీదు కోసేశామండీ.”

“కోస్తే? తీసేయండి!”

తీసేయడానికి పద్ధతి ఉందనీ, డబ్బు వాపసు ఇచ్చి, అదే చోట రద్దు ప్రకటన వేసి, కారణం చూపించాలనీ చెప్పాను. కారణమేమని రాయమంటారో అడిగాను. ఆ సమయంలో రజిత కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పకుండా, “సార్, పొద్దుగాల నుంచి ప్రకటనల పేజీ తెరిచినోళ్లు మస్తుగున్నరు. ఇంతమంది ఎప్పుడు రాలే,” అంది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు.

ఆ పేజీలో జవాబు రాసే వీలు లేదని ముందే చెప్పాను. నర్సింగ్ ప్రకటనకు ఎవరేం జవాబు చెప్పాలన్నా ఇంకో ప్రకటన కొనాల్సిందే. మర్నాటి నుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ఒకతను వేసిన ప్రకటన: “అమ్మకానికి: యజమాని. ఒకరే వాడినది. కండిషన్ బాగుంది. త్వరగా వేడెక్కును.” ఇంకొకరు: “మార్పిడికి: మా హాస్టల్ సాంబారు ఇచ్చి మీ యజమానిని తీసుకుంటాం. షరతులు లేవు.” యజమాని తరఫున కూడా ఒకటి వచ్చింది, స్టెల్లా గారి నుంచి. “హెచ్చరిక: పెద్దలను ఎగతాళి చేయువారి పేర్లు వార్డెన్లకు తెలుసు. మధురానగర్ హాస్టల్లో రెండు మంచాలు ఖాళీ.” ఆవిడ మంచాలు రెండు రోజుల్లో నిండిపోయాయి. అది విని పక్క వీధి హాస్టళ్లవాళ్లూ, ఒకటి రెండు చిన్న శిక్షణ సంస్థలవాళ్లూ, ఈ గొడవ నడుస్తుండగానే తమ ప్రకటన వేయమని వచ్చారు. కౌంటర్ దగ్గర నేను, “దయచేసి వరుసలో రండి,” అనాల్సి వచ్చింది.

కోటేశ్వరరావుగారు నాలుగో రోజున తన జవాబు తీసుకుని స్వయంగా కౌంటర్‌కి వచ్చారు. మూడు ఫుల్‌స్కేపు కాగితాలు. ఇవతలి వైపు నుంచి వస్తారని కుర్చీ జరిపాను. ఆయన కోపంగా అవతలి వైపే నిలబడ్డారు.

నేను పెన్సిలుతో పదాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“ఏం చేస్తున్నారు?”

“రుసుము కట్టాలి కదండీ.”

“నా ఫోరంలో నేను రాసుకోవడానికి నేను డబ్బు కట్టాలా?”

నేను రేటు కార్డులో ఆఖరి వాక్యం చూపించాను. రజిత మాత్రం ఊరుకోలేదు. “గదే సార్, మూడేండ్ల సంది రాసినోళ్లు సుత గదే అడుగుతున్నరు.”

ఆయన ఆమె వైపు చూశారు. ఆమె ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన కాగితాలు వెనక్కి తీసుకుని, నా పెన్సిలు కూడా తీసుకుని, అక్కడే బల్ల మీద పెట్టుకుని కొట్టివేయడం మొదలుపెట్టారు. డబ్బుకి వెనకాడే మనిషి కాదు. కానీ ఎవరికీ రాయితీ లేదని తానే రాయించిన కార్డు ముందు తాను చాంతాడంత రాయడం ఆయనకి నామోషీ.

ఇరవై ఆరేళ్లు కౌంటర్లో కూర్చుని గమనించిన సంగతి ఒకటుంది. పదానికి డబ్బు అన్నప్పుడు మనిషి ముందుగా తీసేసేది తిట్లు. ఆయనా అంతే. ‘కృతఘ్నులు’ పోయింది. ‘పాలు పోసి పెంచిన పాములు’ పోయింది. తర్వాత గుంటూరు నుంచి ట్రంకుపెట్టెతో దిగిన రోజుల వృత్తాంతం ఒక పేజీ పోయింది. చివరికి ఒక చోట పెన్సిలు ఆగింది.

“ఇక్కడ ‘ఎందుకంటే’ అని ఉందండీ. దాని తర్వాత ఇంకా చాలా ఉంది,” అన్నారాయన.

“‘ఎందుకంటే’ తీసేస్తే అదంతా పోతుంది,” అన్నాను.

తీసేశారు. మిగిలింది ఒక్క వాక్యం: “పాత సభ్యులైనా సరే ప్రకటనకు డబ్బు కట్టాలి.”

దాన్ని పైకి చదివారు. ఇంకోసారి చదివారు. “ఇదేంటండీ, ఇట్లా ఉంది? మొహం మీద కొట్టినట్టు?”

రజిత, “ముందటినుంచి గట్లనే ఉంది సార్. చుట్టూత మస్తు మాటలుండె గద, కనిపించలే,” అంది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఈ నెలలో నిజంగా వ్యాపారం కోసం ప్రకటనలు ఇచ్చినవాళ్లెవరని అడిగారు. హాస్టళ్లు, చిన్న సంస్థలు అని చెప్పాను. వాళ్లు బేరమాడకుండా కట్టారా అని అడిగారు. కట్టారన్నాను. వాళ్లంతా ఎవరి కోసం వచ్చారని రజితను అడిగారు. “పాత సభ్యులు చదువుతరని వచ్చిండ్రు సార్,” అంది ఆమె. ఆయన మళ్లీ పెన్సిలు అందుకుని మూడో కాగితం వెనక వైపు ఇలా రాసిచ్చారు: “సభ్యుల పుస్తకాలు, గదులు, మంచాలు ఉచితం. హాస్టళ్లు, సంస్థలు మాత్రం చెల్లించాలి. కొత్త యజమాని అవసరం లేదు.” కనీస రుసుములోనే వచ్చింది. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

జూలై సర్వర్ అద్దె ఫోరం రాబడిలోంచే కట్టాం. ఆగస్టు కూడా. రజిత ఫీజుల కౌంటర్‌కి వెళ్లలేదు. మరుసటి ఏడాది ఆమె హోదా ‘ఫోరం మేనేజర్’ అయింది, జీతంతో సహా. నర్సింగ్ తన పుస్తకాల ప్రకటన ఉచితంగా వేసుకున్నాడు. అవి నెల దాటినా పోలేదు. సిలబస్ మారిపోయిందట.

నేను అక్కడ ఇంకో నాలుగేళ్లు పనిచేశాను. ఆ కాలంలో సెలవులకూ, క్రమశిక్షణకూ, జిరాక్స్ కాపీలు తీసుకోవడానికీ ఎన్నో నియమాలు రాయాల్సి వచ్చింది. ప్రతిదాన్నీ ముందు ‘ఎందుకంటే’ లేకుండా ఒక్క వాక్యంలో రాసి, నోటీసు బోర్డు ముందు నిలబడి చదివే మనిషిలా పైకి చదివేవాణ్ని. సగానికి పైగా నియమాలు బోర్డు దాకా వెళ్లలేదు.