రోములో మేమిచ్చిన విడిది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి ఉన్న సుఖమే అది. నీకు ఫలానాది తెలియదురా అని చెప్పడానికి మాస్టారంటూ ఎవరూ ఉండరు. నేను బడి మానేశానని నేనంటాను గానీ, మా లెక్కల మాస్టారు మాత్రం బడికే ఆ రోజు సెలవు దొరికినట్టయిందని ఊళ్లో అందరికీ చెప్పుకున్నారట. అలాంటి నేను ముప్పై ఏళ్లు నిండకుండానే ఆటోనగర్‌లో ఓ మాదిరి పేరు తెచ్చుకున్నాను. పాత లారీ కొనేవాళ్లు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. నేను లారీ రంగు చూసేవాణ్ణి కాదు. గోనెపట్టా పరుచుకుని, కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఎక్కడెక్కడ అతుకులు వేశారో చూసి, మొహం నిండా నల్లనూనెతో బయటికొచ్చి "వద్దు" అనో "కానివ్వండి" అనో తీర్పు చెప్పేవాణ్ణి. "పైన రంగు ఎవడైనా వేస్తాడు, కింద ఏముందో చూడాలి" అన్నది నా సిద్ధాంతం. దాన్ని లారీల దగ్గరే ఆపి ఉంటే నేనిప్పుడు ఈ కథ రాయాల్సిన పనీ ఉండేది కాదు, మా బావ ముక్కుకి ఆ అవస్థా ఉండేది కాదు.

బావ ముక్కు సంగతి చెప్పాలంటే ముందు అక్క పెళ్లి దాకా వెళ్లాలి. అప్పటికి నాకు నాలుగేళ్లు కాబట్టి ఇదంతా విన్నదే, కానీ ఎన్నిసార్లు విన్నానంటే ఆ పెళ్లికి పెద్దగా నిలబడింది నేనేనేమో అనిపిస్తుంది. ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో పెళ్లి. గుణదల నుంచి మగపెళ్లివారు ముందురోజు సాయంత్రమే బస్సులో దిగారు. వాళ్లకి తిరుగులేని విడిది ఇవ్వాలని మా నాన్న ఊళ్లోకెల్లా పెద్ద మేడ అడిగి తీసుకున్నాడు. సున్నం కొట్టించాడు, కొత్త చాపలు పరిపించాడు, దిళ్లకి పూల గలీబులు తొడిగించాడు. మేడ మీద అంతా తళతళ. మేడ కింద మాత్రం రైసుమిల్లు వాళ్ల తౌడు గోడౌను. పెళ్లికొడుకు తెల్లవార్లూ తౌడు పీల్చాడు. మర్నాడు చర్చిలో ఫాదర్ గారు "ఈమెను నీ భార్యగా స్వీకరించడానికి నీకు సమ్మతమేనా?" అని అడిగితే, బావ నోరు తెరిచి, తుమ్మాడు. వెనక బెంచీలోంచి మా మేనత్త "ఆగండాగండి, తుమ్మాడు! కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి లేవండి" అంది. "చర్చిలో శకునాలేమిటమ్మా" అని ఫాదర్ గారు ఆవిణ్ణి కోప్పడి మళ్లీ అడిగారు. బావ మళ్లీ తుమ్మాడు. మూడోసారీ అదే జవాబు వచ్చేసరికి ఫాదర్ గారు చేతిలో పుస్తకం మూసి, "బాబూ, ఇది అవుననా, కాదనా?" అన్నారు. చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. చివరికి బావ తల ఊపాడు, పెళ్లయింది. నవ్వనిది అక్కొక్కతే. కాదంటాడేమోనన్న భయంతో ముసుగులో ఏడుస్తూ ఉందట పాపం.

ఆ తర్వాత పాతికేళ్లపాటు బావకి ఎక్కడ ఏ అసౌకర్యం కలిగినా ఒకటే మాట. పరుపు గట్టిగా ఉన్నా, సినిమాహాల్లో సీటు కిర్రుమన్నా, అత్తెసరు కాఫీ వచ్చినా, "మీ నాన్న ఇచ్చిన విడిదిలా ఉంది." ఆయన రైల్వేలో గార్డు. రైలు చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చునే ఉద్యోగం కాబట్టి మాటలు తక్కువ. ఆ ఉన్న మాటల్లో సగం ఇవే. నాన్న ఉన్నన్నాళ్లూ నవ్వేసి ఊరుకునేవాడు (ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి మామూలు కంటే ఎక్కువసేపు చుట్ట కాల్చేవాడు). నాన్న పోయాక కూడా బావ మాట ఆగలేదు. ఆయన మనసులో ఏమీ లేదని మా అందరికీ తెలుసు. అక్కకీ తెలుసు. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క చేతిలో ఉన్న గిన్నెని కాస్త గట్టిగా కింద పెట్టేది.

అక్కావాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజు దగ్గర పడింది. బెంజ్ సర్కిల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నా మేనకోడలు, మేమంతా చిట్టి అని పిలుస్తాం, అమ్మానాన్నల్ని రోము పంపిస్తానని టిక్కెట్లు తీసింది. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు ఫాదర్ ఒకాయనతో మాట్లాడి, పెళ్లిరోజున ఓ చిన్న చర్చిలో ఇద్దరిచేతా పెళ్లి ప్రమాణాలు మళ్లీ చేయించడానికి ఏర్పాటు కూడా చేసింది. ఇక మిగిలింది హోటల్. ఆదివారం భోజనాల దగ్గర బావ పెరుగన్నం కలుపుకుంటూ, "టిక్కెట్లు పిల్ల తీసింది, బాగుంది. విడిది మాత్రం పెళ్లికూతురి తరఫు వాళ్లే ఇవ్వాలి. పద్ధతి పద్ధతే. మావగారు లేరు గనక, ఏవోయ్ బావమరిదీ, నువ్వే చూడు" అన్నాడు. అందరం నవ్వాం. వెళ్లేటప్పుడు అక్క గేటు దాకా వచ్చి, నా బండి తాళం చేతిలో పట్టుకుని ఇవ్వకుండా, "ఒరేయ్, ఈ ఒక్కసారి ఆయన నోటి వెంట బాగుంది అనిపించరా. నాన్న పేరు ఇంక ఆ తౌడులోంచి బయటికి రావాలి" అంది. అది అక్క నన్ను అడిగిన మొట్టమొదటి సాయం. నేను ఛాతీ విరుచుకుని, "నాకొదిలెయ్" అన్నాను. (నాకు వదిలేసిన వాటి గతి ఏమవుతుందో అక్కకి తెలిసీ ఎందుకు నవ్విందో ఇప్పటికీ అర్థం కాదు.)

చిట్టి రెండు హోటళ్లు ఏరి పెట్టింది. రెండూ పెద్ద పెద్ద అద్దాల మేడలు కావు. పాతకాలపు ఇళ్లనే హోటళ్లుగా మార్చిన ముచ్చటైన భవనాలు. ఒకదానికి డాబా ఉంది, డాబా మీద నిమ్మచెట్ల కుండీలు, అక్కణ్ణుంచి చూస్తే పోపు గారి పెద్ద దేవాలయం గోపురం. రెండోదానికి ఇనుప ఊచల చిన్న బాల్కనీ, గోడనిండా పాకిన ఊదారంగు పూలతీగ. అక్క మొదటిదాని ఫోటో దగ్గర ఆగిపోయింది. "పొద్దున్నే లేచి ఆ డాబా మీద కాఫీ తాగుతూ గోపురం చూడొచ్చు" అంది, తాగేసినట్టే. నేను ఫోటోలని లెక్కచెయ్యలేదు. "ఫోటో అంటే రంగు. కింద ఏముందో చూడాలి" అన్నాను.

"మావయ్యా, అందరూ ఎంత బాగుందని రాశారో చూడు. ఇన్ని రివ్యూలు ఉన్నాయి" అంది చిట్టి.

"వాళ్లలో మీ నాన్న ఉన్నాడా?"

"లేడు."

"అయితే వాళ్ల ముక్కులు వేరు. ఫోన్ కలుపు."

వీడియోలో మాట్లాడటం అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. మొదటి హోటల్లో ఫోను ఎత్తిన కుర్రాడు బంగ్లాదేశ్ వాడు, హిందీ వచ్చు. నాకూ వచ్చు. కాకపోతే నేను హిందీ నేర్చుకున్నది లారీ డ్రైవర్ల దగ్గర, అందులోంచి తిట్లు తీసేస్తే చేతికి మిగిలేవి నాలుగు మాటలు. ఆ నాలుగింటితోనే కుర్రాణ్ణి గదిలోకి నడిపించాను. కుళాయి తిప్పించాను. వేణ్ణీళ్లు వచ్చేదాకా ఆగాను. మంచం మీద కూర్చోమన్నాను, లేవమన్నాను, కిర్రుమంటుందేమోనని మళ్లీ కూర్చోమన్నాను. బాత్రూంలో బకెట్టూ మగ్గూ ఏవని అడిగితే అతను చాలాసేపు వెతికి ఎక్కణ్ణుంచో ఐస్ వేసుకునే చిన్న స్టీలు బకెట్టు పట్టుకొచ్చి చూపించాడు. "పర్లేదు, మీ బావ ఓపిగ్గా పోసుకుంటారు" అంది అక్క. అన్నీ నెగ్గాక, కింద ఏముందన్న అసలు ప్రశ్న వేశాను.

"భాయ్, నీచే క్యా హై?"

"నీచే? నీచే బేకరీ హై భాయ్" అన్నాడు వాడు, అదేదో వరం అన్నట్టు. ఫోను పట్టుకుని మెట్లు దిగి వెళ్లి చూపించాడు కూడా. వేడి వేడి రొట్టెలు, వాటి వెనక గోడ పొడవునా తెల్లటి మైదా బస్తాలు, ఒకతను బస్తా విప్పి దులుపుతుంటే గాల్లోకి లేచిన తెల్లటి పొగ. ఫోను పెట్టేశాను.

"తౌడు గోడౌనే! రంగు మారిందంతే" అన్నాను.

"అది మైదా మావయ్యా. వాసన కూడా ఎంతో బాగుంటుందని రాశారు."

"వాసన పీల్చాలంటే ముక్కేగా వాడాలి? ఆ ముక్కు సంగతే నేను చెప్పేది."

అక్క నెమ్మదిగా, "గోపురం కనిపిస్తుందిరా" అంది. "గోపురం దగ్గరికే వెళ్తున్నారుగా, దూరం నుంచి చూడటం ఎందుకు?" అన్నాను. రెండో హోటల్లో ఒక పెద్దావిడ ఎత్తింది. చిట్టి ఇంగ్లీషులో నా ప్రశ్న అడిగింది. ఆవిడ నవ్వి, బాల్కనీలోంచి ఫోను కిందికి వంచింది. పూలకొట్టు. బకెట్ల నిండా తెల్లవీ, పసుపువీ, గులాబీవీ, మెట్ల దాకా పూలే. "చూశావా అక్కా! నాన్న తౌడు మీద పడుకోబెట్టాడు, నేను పూల మీద పడుకోబెడుతున్నా" అన్నాను. ఆ ముక్క నాకే ఎంత నచ్చిందంటే ఆ వారమంతా ఆటోనగర్‌లో టీ తాగడానికి ఆగిన ప్రతి చోటా చెప్పుకున్నాను.

వాళ్లు దిగిన రోజే అక్క ఫోను చేసింది. బాల్కనీ, పూలతీగ, గచ్చు మీద చల్లదనం, అన్నీ చూపించింది. "ఆయన ఇప్పటిదాకా ఏమీ అనలేదురా" అని గుసగుసగా చెప్పింది. నేను ఆ రాత్రి గెలిచినవాడిలా పడుకున్నాను.

పెళ్లిరోజున మన మధ్యాహ్నానికి వాళ్ల ఉదయం. చిట్టీ నేనూ గుణదలలో వాళ్లింట్లో ఫోను ముందు కూర్చున్నాం. చిన్న చర్చి, తెలుగు ఫాదర్ గారు, పట్టుచీరలో అక్క. జడలో ఇంత పొడుగు తెల్లటి పూలు. ఆ పూలకొట్టావిడ పెళ్లిరోజని తెలిసి ఇచ్చిందట. పూలు చేతికొస్తే జడలోకే వెళ్తాయి మరి మన ఆడవాళ్లకి. పక్కనే బావ, కళ్లు కాస్త ఎర్రగా. "నాన్న ఎమోషనల్ అయిపోయారు" అంది చిట్టి. నాకు అనుమానం వచ్చింది. ఆ ఎరుపు నేను గోధుమ లోడు దింపే హమాలీల కళ్లలో చూసిన ఎరుపు.

ఫాదర్ గారు అక్కని అడిగారు. అక్క "సమ్మతమే" అంది. తర్వాత బావ వైపు తిరిగారు. బావ అక్క వైపు తిరిగాడు. అంటే జడ వైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

ఆ తుమ్ముకి రోములో ఎన్ని పావురాలు ఎగిరాయో తెలియదు గానీ, గుణదలలో నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఫాదర్ గారు మళ్లీ అడిగారు. మళ్లీ తుమ్ము. నాకు మా నాన్న పెరట్లో చుట్ట కాలుస్తూ కనిపించాడు. మూడోసారి ఆయన అడిగేలోగా, మాట రాని బావ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో జేబులోంచి చేతిరుమాలు లాగి, దాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని, అటూ ఇటూ నెమ్మదిగా ఊపాడు. రైలు కదలొచ్చని గార్డు జెండా ఊపినట్టే.

ఫాదర్ గారికి అర్థం కాలేదు. అక్కకి అర్థమైంది. అక్క నవ్వింది. పాతికేళ్ల క్రితం చర్చంతా నవ్వుతుంటే నవ్వలేకపోయిన నవ్వంతా ఒక్కసారే నవ్వింది. నవ్వి నవ్వి బావ భుజం పట్టుకుంది, బావ మళ్లీ తుమ్మాడు, ఇద్దరూ కలిసి నవ్వారు. చిట్టి ఏడుస్తోంది. నేను మాత్రం ఆ రెండో హోటల్‌కి కింద బస్తాలున్నాయేమోనని చూశాను గానీ పూలకీ పుప్పొడి ఉంటుందని చూడలేదే, అతుకు అక్కడ పడిందన్నమాట అని ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, లారీ కిందికి దూరలేను. ఎవరైనా సలహా అడిగితే ముందు వాళ్ల మొహం చూస్తున్నాను. వాళ్లకి ఏది నచ్చిందో అక్కడే రాసి ఉంటుంది, కిందికి వంగక్కర్లేదు. ఆ రోజు అక్క డాబా ఫోటో దగ్గర ఆగినప్పుడు చూసి ఉంటే ఆవిడ గోపురం చూస్తూ కాఫీ తాగేది. అయితే ఆ జెండా మాత్రం ఊగేది కాదు. ఏది మంచిదో నాకు ఇప్పటికీ తేలలేదు. అన్నీ తెలిసిన అప్పటి నేనైతే చటుక్కున తేల్చేసేవాణ్ణి.

వాళ్లు తిరిగొచ్చిన రోజు గన్నవరం విమానాశ్రయానికి వెళ్లాను. బావ ముక్కు ఇంకా దొండపండులాగే ఉంది. పెట్టె అందుకుంటూ, తల దించుకుని, "బావగారూ, ఇంక జన్మలో నేను విడిది చూడనండి. మళ్లీ మీరు పాతికేళ్లు మమ్మల్ని అంటూనే ఉంటారు" అన్నాను.

బావ ఆగి, అక్క వైపు ఓసారి చూసి, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "పాతికేంటోయ్? మీ నాన్న విడిదిలో ఒక్క రాత్రి పడుకున్నందుకే పాతికేళ్లన్నాను. నీ విడిదిలో నాలుగు రాత్రులు పడుకున్నా. నూరేళ్లు అనాలి. అన్నాళ్లూ నా పక్కనే ఉండి వినమని మీ అక్కకి చెప్పు."