అదెల్కీ మడతకుర్చీ

ముందు చప్పుడు వినబడేది. కిర్రు, టంగు. కిర్రు, టంగు. అల్యూమినియం కాలు ఫ్లాస్కుకు తగిలి మోగే మోత. ఆ మోత వీధి మలుపు తిరిగి, మా బస గుమ్మం దాకా వచ్చి, నా చెవిలో కాసేపు కూర్చున్నాక తీరిగ్గా అదెల్కీ వచ్చేవాడు.

అదెల్కీ మొరాందీనికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. నాతో ఊరు దాటిన ఆ నెలంతా వీపున మడతకుర్చీ లేకుండా అడుగు వేయలేదు. సముద్రపు ఒడ్డున ఇసుకలో వేసుకునే రకం కుర్చీ అది. ఆకుపచ్చ చారల గుడ్డ, నేలకు జానెడు ఎత్తు. జనం భుజాన సంచి వేసుకుని దేశాలు తిరుగుతారు. వాడు సంచి మీద కుర్చీ, కుర్చీకి ఫ్లాస్కు, ఫ్లాస్కుకు మాతె అనే ఆకుల కషాయం తాగే సొరకాయ బుర్ర కట్టుకుని తిరిగాడు. వెనకనుంచి చూస్తే ఎవరిదో ఇల్లు ఖాళీ చేయిస్తున్నట్టు ఉండేది.

మాది రొసారియో. వాడు నది రేవులో గోధుమ బస్తాలు మోసేవాడు. నేను పుస్తకాల కొట్లో పనిచేసేవాణ్ణి. ఇద్దరికీ ఇరవై నాలుగేళ్లు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఒకటి నా గుండెలో ఒక తలుపును పాడుచేసి పోయింది. అది సరిగ్గా మూసుకోదు. అందుకని మా వీధి మొత్తం నన్ను గాజు గ్లాసులా చూసేది. మెట్లెక్కితే మెల్లిగా అనేవారు. బంతి తంతే వద్దు అనేవారు. ఆఖరికి ఆడపిల్లలు కూడా నాతో నాట్యం చేస్తూ మధ్యలో ఆగి, ఎలా ఉంది అని అడిగేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. జీవితంలో ఒక్క వేసవి, ఒక్క నెల, ఆ మాట వినకుండా బతకాలని నా కోరిక. అది తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

వైద్యుడు కొండలు కూడదన్నాడు కాబట్టి కొండల మీది నగరాలకే పోదామన్నాను. పొతోసి, ఒరూరో, లా పాస్, కూస్కో. అదెల్కీ చాలాసేపు సిగరెట్టు కాల్చి సరే అన్నాడు. మా అమ్మకు మాత్రం మార్ దెల్ ప్లాతా సముద్రానికి వెళ్తున్నామని చెప్పాను.

భూమధ్యరేఖకు దిగువన మా వైపు జనవరి అంటే నడివేసవి. మిట్టమధ్యాహ్నం. స్టేషన్లో రైలు కదలబోతుంటే ప్లాట్‌ఫారం చివరనుంచి కిర్రు, టంగు.

"అదేమిట్రా?"

"ఇర్మా కుర్చీ." ఇర్మా వాడి అక్క. "సముద్రానికి పోతున్నామని మీ అమ్మకు చెప్పావు కదా. కుర్చీ లేకుండా సముద్రానికి ఎవడు పోతాడు? అబద్ధమంటే సరిగ్గా ఉండాలి, బక్కోడా."

"అమ్మ ఇక్కడ లేదుగా. స్టేషన్లో వదిలేసెయ్."

"వదిలేస్తే ఇర్మా చంపేస్తుంది."

రైల్లో నా షరతు చెప్పాను. ఈ నెలంతా ఎలా ఉంది అని అడగకూడదు, కాస్త కూర్చో అనకూడదు, నా సంచి ముట్టుకోకూడదు. వాడు చెయ్యి కలిపాడు. తనకూ ఒక షరతు ఉందన్నాడు. తను తొందరగా అలిసిపోయే మనిషినట, వెక్కిరించకూడదట. యాభై కిలోల బస్తాలు రెండేసి ఒకేసారి మోసేవాడు ఈ మాట అంటుంటే నాకు నవ్వొచ్చింది. అనుమానం మాత్రం రాలేదు. ఆ వయసులో మనిషికి తన గుండె చప్పుడు తప్ప మరొకటి వినబడదు.

సరిహద్దు దగ్గర బొలీవియా అధికారి కుర్చీని విప్పించి, మళ్లీ మడిపించి, బల్లమీద పడుకోబెట్టి పరీక్షించాడు.

"ఏమిటిది?"

"కుర్చీ, సార్."

"మా దేశంలో కుర్చీలు లేవనుకున్నారా?"

"ఉన్నాయని విన్నాను సార్. ఖాళీగా ఉండవేమోనని."

ఆయన మా కాగితాల మీద ముద్ర వేశాడు. కుర్చీ మీద కూడా వేసేవాడే, చోటు దొరకలేదు.

ఇక పొతోసి. గాలి పలచబడిపోయిన ఊరు. ఆకాశం నెత్తికి తగులుతుందేమో అన్నంత కింద ఉంటుంది. అక్కడ మొదలైంది అసలు బాధ. యాభై అడుగులు వేయగానే వాడు ఆగేవాడు. ఉస్సురనేవాడు. ఇక నావల్ల కాదురా అని నడివీధిలో కుర్చీ విప్పేవాడు. విప్పాక కూర్చుంటాడా అంటే అదీ లేదు. సరిగ్గా అప్పుడే సిగరెట్లు అయిపోయిన సంగతి గుర్తొచ్చేది. లేదా దారి అడగాలి, లేదా ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పోయించుకోవాలి.

"ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా. కూర్చో, లేకపోతే ఎవడైనా ఎత్తుకుపోతాడు."

నేను కాపలా కూర్చునేవాణ్ణి. కసిగా కూర్చునేవాణ్ణి. పావుగంటకు వచ్చేవాడు, ఒక్క సిగరెట్టు పట్టుకుని. మళ్లీ యాభై అడుగులు. మళ్లీ ఉస్సురు. కవులు ఆ నగరాలను కొండ శిఖరాలనుంచి చూసి రాశారు. నేను మోకాలి ఎత్తునుంచి చూశాను. నాకు తెలిసిన పొతోసి అంతా చెప్పులు, పావడా అంచులు, కుక్కల ముఖాలు. ఒక ముసలి కుక్క మూడు వీధులు నా వెంటే వచ్చింది, ఆగినప్పుడల్లా నా పక్కనే పడుకుని. అదెల్కీని చూసి అది కూడా నిట్టూర్చేది.

ఒరూరోలో నాకు తెగువ వచ్చింది. బస్సెక్కే ముందు, వాడు వేణ్ణీళ్లకు పోయినప్పుడు, ఉడికించిన మొక్కజొన్నలు అమ్ముకునే ఆవిడ పక్కన కుర్చీని చడీచప్పుడు లేకుండా ఆనించి వచ్చేశాను. బస్సు కదిలింది. అదెల్కీ కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఉన్నాడు. పీడ వదిలిందనుకున్నాను. రెండు వీధులు దాటాక వెనకనుంచి కిర్రు, కిర్రు. ఆవిడ బుట్ట అక్కడే పడేసి, పావడాలు ఎత్తిపట్టి, కుర్చీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొస్తోంది. డ్రైవరు బస్సు ఆపాడు. బస్సంతా చప్పట్లు. "ఇంత మంచి కుర్చీ మరిచిపోతే ఎలా నాయనా, మీ అమ్మ ఏమంటుంది" అని ఆవిడ నన్ను అందరి ముందూ చీవాట్లు పెట్టి, కుర్చీ నా ఒళ్లో పెట్టి పోయింది. లా పాస్ దాకా దాన్ని నేనే మోశాను. అదెల్కీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

లా పాస్‌లో వీధులన్నీ నిలబెట్టిన నిచ్చెనలు. మంత్రగత్తెల సందులో నన్ను కాపలా పెట్టి వాడు సిగరెట్లకు పోయాడు. ఆ సందులో అంత కిందికి కూర్చున్నవాడు కోకా ఆకులు పరిచి జాతకం చెప్పేవాడే అయివుంటాడు కదా. ఒక నడివయసు ఆవిడ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. భర్త ఇల్లు వదిలి మూడు నెలలైందట, వస్తాడా రాడా చెప్పమంది. నేను జాతకాలవాణ్ణి కాదన్నాను. అందరూ మొదట అలాగే అంటారు బాబూ, చెప్పు అంది. ఇంతలో అదెల్కీ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"వస్తాడమ్మా. కానీ వెంటనే తలుపు తియ్యకు. కొంచెంసేపు బయట నిలబెట్టు."

ఆవిడ వాణ్ణి దీవించి, నాకు రెండు నారింజలు ఇచ్చిపోయింది.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతి. ఇక్కణ్ణుంచి నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ వారమంతా వాన. ఇల్లిమాని మంచుకొండ మబ్బుల్లో మునిగిపోయి, అసలు ఉందా లేదా అన్నట్టు ఉంది. మేం వెళ్లిపోయే ముందురోజు సాయంత్రం మబ్బు వీడింది. మేం బస చేసిన గుట్టమీద చివరి మెట్టునుంచి చూస్తే పొద్దు కుంకే ముందు ఆ మంచు గులాబి రంగు అవుతుందని బసలో చెప్పారు. రెండువందల పైచిలుకు మెట్లు. నా కాళ్లతో నేను ఎక్కాలి, పైన నిలబడాలి. ఆ ఒక్క దృశ్యం దొరికితే నెల మొత్తం దక్కినట్టే.

అదెల్కీ ఆ మెట్లమీద పద్నాలుగుసార్లు కుర్చీ విప్పాడు. నేను లెక్కపెట్టాను. ఒకసారి బూటు లేసు, ఒకసారి మూత్రం, ఒకసారి ఎవరో పిలిచినట్టు అనిపించిందట. పద్నాలుగుసార్లూ, కూర్చో, ఎవడైనా ఎత్తుకుపోతాడు. పైకి చేరేసరికి కొండ ఉంది, రంగు లేదు. ఆరిపోయిన పొయ్యిలోని బూడిదలా ఉంది.

అక్కడ నిలబడి వాణ్ణి అనరాని మాటలన్నాను. సోమరిపోతన్నాను. నా బతుకులో నాకు దక్కాల్సిన ఒకే ఒక్క సాయంత్రాన్ని తినేశావన్నాను. "నువ్వొక బస్తావిరా. ఈ నెలంతా నిన్ను మోయలేక చస్తున్నా."

వాడు కుర్చీ మడిచాడు. మడిచేటప్పుడు వేలు నలిగింది, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"బస్తాలు మోసేవాణ్ణే బస్తా అంటావేమిట్రా" అని నవ్వి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

కూస్కోలో మేం మాట్లాడుకోలేదు. అవసరమైతే కుర్చీతో చెప్పించుకునేవాళ్లం. పెదాలు పగిలి, ముఖాలు తోలు ఊడి ఇంటికి చేరితే, ఇదేం సముద్రంరా అంది అమ్మ.

తరవాత ఏడేళ్లు ఆ కథ నాకు అన్నం పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో మాంసం కాల్చినా, రెండో గ్లాసుకల్లా బక్కోడా, కుర్చీ కథ చెప్పు అనేవారు. నేను అదెల్కీలా ఉస్సురనేవాణ్ణి, కుర్చీ విప్పేవాణ్ణి, మొక్కజొన్న ఆవిడలా పరుగెత్తేవాణ్ణి. జనం కడుపులు పట్టుకునేవారు. బూడిదరంగు కొండ దగ్గరికొచ్చేసరికి నా గొంతులో విషం చుక్క ఒకటి పడేది, అదీ వాళ్లకు రుచిగానే ఉండేది. అందరికంటే గట్టిగా నవ్వేది అదెల్కీయే. పొయ్యి పక్కన నిలబడి, మాంసం తిప్పుతూ. కథయ్యాక ఆ ప్రయాణంలో తీసిన ఫొటోలు చేతులు మారేవి. పదకొండు ఫొటోలు.

ఒక ఆదివారం మిర్తా మొదటిసారి నాతో వచ్చింది. అప్పటికి మేమింకా పెళ్లి అనుకోలేదు. అదెల్కీ ఉప్పు తేవడానికి లోపలికి పోయాడు. ఫొటోలు ఒక్కొక్కటీ చూసి ఆమె అడిగింది.

"ఇందులో సోమరి ఎవరు?"

"వాడే. అదెల్కీ."

"తొమ్మిదింట్లో కుర్చీలో ఉన్నది నువ్వే."

"కెమెరా వాడి చేతిలో ఉంది కదా. ఫొటోలు తీసింది వాడు."

"నిలబడి తీశాడు" అంది మిర్తా.

ఏడేళ్లుగా నేను చూపిస్తున్న ఫొటోలవి. వాటిలో నన్ను నేను ఒక్కసారీ చూసుకోలేదు.

మరునాడు సాయంత్రం వాళ్ల వీధికి పోయాను. ఎండ తగ్గింది. ప్రతి గుమ్మం ముందూ కుర్చీలు వేసుకుని జనం మాతె తాగుతున్నారు. ఇర్మా ఆకుపచ్చ చారల కుర్చీలో కూర్చుని ఉంది. అదెల్కీ ఎప్పటిలాగే తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే అన్నది నాకు ఆ రోజే తట్టింది. వాడు ఆ వీధిలో కూర్చోగా నేను చూసిందే లేదు.

పక్కకు పిలిచి, ఆ కుర్చీలో ఎప్పుడైనా కూర్చున్నావా అని అడిగాను.

వాడు నిజాయితీగా ఆలోచించాడు. "పోయేటప్పుడు, తుకుమాన్ స్టేషన్లో ఒకసారి. నడుం పట్టేసింది. మరీ కిందికి ఉంటుంది, వెధవ కుర్చీ."

వచ్చే ఆదివారం అందరి ముందూ కథను సరిదిద్దుతానన్నాను. వాడు మొదటిసారి నామీద విసుక్కున్నాడు.

"నీకేమైనా పిచ్చా? సోమరి కథ చెబితే జనం నన్ను చూసి నవ్వుతారు. దాన్ని తిరగేశావో, నీవైపు చూస్తారు. ముందు నీ ముఖం చూస్తారు, తరవాత నీ ఛాతీ చూస్తారు. తరవాత అడుగుతారు." ఏమని అడుగుతారో వాడు చెప్పలేదు. షరతు షరతే. "ఉన్న కథే చెప్పు. బాగుంది. పద్నాలుగుసార్లు అంటున్నావు, ఇరవై చెయ్యి."

ఇరవై చేశాను. సిగ్గు లేకుండా ఇంకో పాతికేళ్లు చెప్పాను. ఈలోపు నా ఛాతీ కోసి, గుండెలో లోహపు తలుపు బిగించారు. నిశ్శబ్దంగా ఉన్నచోట అది టిక్కు టిక్కుమంటుంది. చెవి పెట్టి విని అదెల్కీ, "బాగుంది, ఇక నువ్వూ ముందే వినబడతావు" అన్నాడు. ఇప్పుడు కథ తిరగేసినా ఫరవాలేదు, నావైపు ఎవరూ అలా చూడరు. అందుకే రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఆలస్యంగా, కుర్చీ వేసుకుంటూ ఆగి ఆగి వచ్చినట్టు.

పోయిన మార్చిలో వాణ్ణి ఆసుపత్రిలో పెట్టారు. ఇన్నేళ్లు పీల్చిన గోధుమ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. ఆ ఆసుపత్రిలో తోడుండేవాళ్లకు కుర్చీలు ఉండవు, ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. ఇర్మాను అడిగి ఆకుపచ్చ చారలది తీసుకుని బయల్దేరాను. పొడవాటి నడవా. కిర్రు, టంగు. ఫ్లాస్కు కూడా కట్టుకునే వెళ్లాను.

నేను గుమ్మంలోకి రాకముందే వాడు తలుపు వైపు తిరిగి నవ్వుతున్నాడు.

చెప్పాల్సిన మాటలు బస్సులో వరసగా పేర్చుకున్నాను. ఇల్లిమాని గురించి, ఆ బస్తా మాట గురించి. మంచం పక్కన కుర్చీ విప్పి, నిలబడి, నోరు తెరిస్తే ముప్పై ఏళ్లుగా నేను అసహ్యించుకున్న మాట ఒక్కటే బయటికొచ్చింది.

"ఎలా ఉందిరా?"

వాడు సూది గుచ్చిన చెయ్యి మెల్లిగా ఎత్తి, షరతు మరిచిపోయావా అన్నట్టు వేలు ఆడించాడు. తరవాత కళ్లతో కుర్చీ చూపించాడు.

"కూర్చో, బక్కోడా. లేకపోతే ఎవడైనా ఎత్తుకుపోతాడు."