మస్తాన్ గారికి వినపడిన మాట

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయే రకం. ఆయిలింజన్లు, ట్రాక్టర్లు బాగుచేసి బతికినవాణ్ణి. యంత్రం మొరాయించిందంటే దానికో కారణం ఉంటుందనీ, వెతికితే దొరుకుతుందనీ ఇప్పటికీ నమ్ముతాను. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం. జగ్గయ్యపేటలో నా షెడ్డు. నందిగామ నుంచి అనసూయమ్మ గారు, తన భర్త నడిపిన పాత అమెరికా కారును లారీ మీద ఎక్కించి పంపించారు. ఆయన పోయాక పదేళ్ళుగా రేకుల పంచలో పడి ఉంది. ఆవిడకి చూపు తగ్గిపోతోంది.

"కళ్ళు పూర్తిగా పోకముందే అది రోడ్డు మీద తిరగటం చూడాలయ్యా" అన్నారు. చేస్తానని మాటిచ్చాను.

రేకు పనికి మస్తాన్ గారిని పిలిచాను. నాకంటే పెద్దాయన. ఏళ్ళ తరబడి రేకులు కొట్టీ కొట్టీ రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఆయనతో మాటలన్నీ చేసైగలే.

కుడివైపు చక్రాల నట్లు తేలిగ్గానే వచ్చాయి. ఎడమవైపు ముందు చక్రం మొండికేసింది. కిరసనాయిలు పోసి నానబెట్టాను. మంట పెట్టి కాల్చాను. పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీదెక్కి నిలబడ్డాను. కదల్లేదు. మూడో రోజు ఒక బోల్టు విరిగింది. బెజవాడంతా తిరిగినా అలాంటిది దొరకదు. అయినా వదలబుద్ధి కాలేదు. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ పట్టాను.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. మస్తాన్ గారు అవతలి తలుపు దగ్గర, నాకు వీపు పెట్టి సుత్తి పని చేస్తున్నారు. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. ఆయన లేచి నా దగ్గరికొచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"అటు కాదంట. ఇటు తిప్పమంటన్నాడు" అంటూ, మామూలుగా నట్టు బిగించే వైపుకి చెయ్యి తిప్పి చూపించారు.

ఎవరని సైగ చేశాను.

"ఏమో! నీకు ఇనపళ్ళా?"

నాకేమీ వినపడలేదు. ఎటూ నాలుగు రోజులు పోయాయి కదా అని, ఆయన చెప్పిన వైపే తిప్పాను. నట్టు కిర్రుమంది. ఆ తర్వాత వేళ్ళతో తిప్పితే ఊడొచ్చింది. మిగిలినవీ అంతే.

అలాంటి కార్లకి ఎడమవైపు నట్ల మర తిరగేసి ఉంటుందనీ, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడతాయనీ తర్వాత ఒక పాత మెకానిక్కు చెప్పాడు. కాబట్టి నట్టులో వింతేమీ లేదు. కానీ మస్తాన్ గారు జన్మలో చక్రం విప్పి ఎరుగరు. నటించారేమోనని, ఒకరోజు ఆయన వెనక నిలబడి ఇనప గొట్టం బండకేసి కొట్టాను. తల కూడా తిప్పలేదు.

అనసూయమ్మ గారు కారు చూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. "ఏమని పిలిచాడంట?" అని అడిగారు. నేను ఎలాగో సైగలతో అడిగాను.

"'అటు కాదు నాయనా' అన్నాడమ్మా" అన్నారు మస్తాన్ గారు.

ఆవిడ ఆ చక్రం మీద చెయ్యి వేశారు. "అయితే మా ఆయన కాదు. ఆయన నోట 'నాయనా' అన్న మాట నేనెన్నడూ వినలా."

విరిగిన బోల్టుకి బదులు లేతు మీద కొత్తది చేయించాను. వానలు పడేలోపే కారు కదిలింది. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, రోడ్డుని కళ్ళారా చూస్తూ నందిగామ వెళ్ళారు.

అప్పటిదాకా మస్తాన్ గారు, పని లేకపోయినా, రోజూ పొద్దున్నే వచ్చి ఆ చక్రం పక్కన చెవి ఒగ్గి కూర్చునేవారు. మళ్ళీ వినపడిందా అని సైగ చేస్తే తల అడ్డంగా ఊపేవారు. కారు వెళ్ళిపోయిన రోజున ఊరు దాటేదాకా దాని పక్కనే నడిచారు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. చెవులున్న నాకు కాకుండా, ఆయనకే ఎందుకు వినపడిందో ఈనాటికీ చెప్పలేను.